సమాచార హక్కు, సంస్థాగత ప్రతిష్ఠ: నార్డిక్ స్థానిక ప్రభుత్వాల పౌర సంబంధాలు – తులనాత్మక విమర్శ

సంక్షిప్తసమీక్ష: స్వీడన్, నార్వే, డెన్మార్క్, ఫిన్లాండ్ దేశాల స్థానిక ప్రభుత్వాల పౌర సంబంధాలను ‘నార్డిక్ నమూనా’ అనే ఒకే పేరుతో వ్యవహరించడం పరిశోధనా గ్రంథాల్లో అలవాటుగా మారింది. ఆ పేరు నాలుగు భిన్నమైన ఏర్పాట్లను మరుగుపరుస్తున్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. సమావేశమందిరం తలుపు ఎవరికి తెరిచి ఉంది, లోపలి ఉద్యోగికి మాట్లాడే హక్కు ఏ మేరకు ఉంది అన్న రెండు ప్రశ్నల ఆధారంగా ఈ దేశాల ఆచరణను పరిశీలిస్తుంది.

కీలకపదాలు: పౌర సంబంధాలు, కొమ్యూన్, పారదర్శకత, ప్రతిష్ఠా నిర్వహణ, భావప్రకటనా స్వేచ్ఛ, స్థానిక పత్రికలు.

1. ఉపోద్ఘాతం

‘పబ్లిక్ రిలేషన్స్’ అనే మాటకు తెలుగులో ‘పౌర సంబంధాలు’ అనే అనువాదం స్థిరపడింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సమాచార, పౌర సంబంధాల శాఖ పేరులో ఆ మాటే ఉంది. మూలంలో లేని ఒక అర్థచ్ఛాయ ఈ అనువాదంలో చేరింది. ‘పబ్లిక్’ అన్నప్పుడు వినియోగదారుడు, ప్రేక్షకుడు, ఓటరు ఎవరైనా స్ఫురించవచ్చు. ‘పౌరుడు’ అన్నప్పుడు మాత్రం హక్కులు గల వ్యక్తే స్ఫురిస్తాడు. ఆ విధంగా తెలుగు పదం ఆచరణ కంటే ఉన్నతమైన ఆదర్శాన్ని సూచిస్తున్నది. నార్డిక్ దేశాల పదజాలం ఇందుకు విరుద్ధమైన దిశలో ప్రయాణించింది. స్వీడన్‌లో ఒకప్పుడు ‘ఇన్ఫర్మతోర్’, అనగా సమాచారమిచ్చే వ్యక్తి, అని పిలిచిన ఉద్యోగిని నేడు ‘కొమ్యూనికతోర్’ అంటున్నారు. సమాచారం ఇవ్వడం నుండి సంభాషణను నిర్వహించడం వైపు జరిగిన ఈ మార్పును వృత్తిసంఘాలు పురోగతిగానే భావించాయి. అది పౌరునికి కూడా పురోగతేనా అన్నది ఇక్కడి ప్రశ్న.

నార్డిక్ దేశాల్లో స్థానిక ప్రభుత్వపు మౌలిక ఘటకం కొమ్యూన్. గ్రామపంచాయతీ, పురపాలక సంఘం అనే భేదం అక్కడ లేదు. కొన్ని వందల జనాభా గల ద్వీపమైనా, రాజధాని నగరమైనా చట్టం దృష్టిలో కొమ్యూనే. స్వీడన్‌లో 290, డెన్మార్క్‌లో 98, నార్వేలో 357, ఫిన్లాండ్‌లో 308 కొమ్యూన్లు ఉన్నాయి. బడులు, శిశుసంరక్షణ, సామాజిక సేవలు, స్థల వినియోగ ప్రణాళిక ప్రధానంగా వీటి బాధ్యతలు. వృద్ధుల సంరక్షణ కూడా ఫిన్లాండ్ మినహా మిగిలిన దేశాల్లో వీటిదే. ఫిన్లాండ్‌లో ఆరోగ్య, సామాజిక సేవలు 2023 జనవరి 1 నుండి 21 సంక్షేమ సేవా మండలాలకు బదిలీ అయ్యాయి. ఆదాయపు పన్ను విధించే అధికారం కూడా కొమ్యూన్లకు ఉంది. స్వీడన్‌లో ప్రాంతీయ పన్నుతో కలిపి ఇది సగటున ఆదాయంలో సుమారు 32 శాతం. సగటు వేతన జీవి చెల్లించే ఆదాయపు పన్నులో అధికభాగం కేంద్రానికి గాక స్థానిక ప్రభుత్వానికి చేరుతుంది. అందువల్ల కొమ్యూన్ తన గురించి ఏమి చెబుతున్నది, ఏమి చెప్పకుండా ఉంటున్నది అన్నది ప్రచార విభాగపు అంతర్గత వ్యవహారంగా మిగలదు.

2. నిచ్చెనమెట్ల సిద్ధాంతం – దాని పరిమితి

పౌర సంబంధాల అధ్యయనాల్లో జేమ్స్ గ్రూనిగ్, టాడ్ హంట్ 1984లో ప్రతిపాదించిన నాలుగు నమూనాలు నేటికీ ప్రామాణికంగా చెలామణి అవుతున్నాయి. ప్రచారాత్మకం, సమాచారాత్మకం, ద్విముఖ అసమం, ద్విముఖ సమం అనే ఈ నాలుగింటిని చాలామంది నిచ్చెనమెట్లుగా చదువుతారు. ఆ పఠనంలో ‘సమాచారాత్మకం’ రెండవ మెట్టు. అనగా అది ఏకముఖం, దాటిపోవలసిన దశ. భారతీయ విశ్వవిద్యాలయాల పాఠ్యగ్రంథాలు కూడా చాలావరకు ఈ క్రమాన్నే బోధిస్తున్నాయి.

నార్డిక్ స్థానిక ప్రభుత్వాలకు ఈ నిచ్చెనను అన్వయించినప్పుడు చిక్కు ఏర్పడుతుంది. అక్కడ సమాచారం పాలకులు దయతో అందించే వస్తువు కాదు. స్వీడన్‌లో 1766 నాటి పత్రికాస్వేచ్ఛా చట్టం అధికారిక పత్రాలను చూసే హక్కును కల్పించింది. నాడు స్వీడన్ రాజ్యంలో భాగమైన ఫిన్లాండ్ ప్రాంతానికి చెందిన మతాచార్యుడు ఆండర్స్ కిడేనియస్ ఈ చట్టం వెనుక ప్రధాన ప్రేరకుడు. కనుక ఈ వారసత్వం నేటి రెండు దేశాలదీ. నార్వే, డెన్మార్క్‌లు పత్రాల బహిరంగతపై సాధారణ చట్టాలను 1970లో మాత్రమే చేసుకున్నాయి. ఈ రెండు శతాబ్దాల అంతరాన్ని ‘నార్డిక్ పారదర్శకత’ అనే పదబంధం చెరిపివేస్తుంది.

ఏకముఖ సమాచారం ఇక్కడ హక్కుకు పునాది. ద్విముఖ సంభాషణ అనేకసార్లు ఆ పునాది లేని గోడగా మిగిలిపోతుంది. గోథెన్‌బర్గ్ అనుభవం ఇందుకు తగిన ఉదాహరణ. ఆ నగరంలో 2013 జనవరిలో వాహనాలపై రద్దీ పన్ను ప్రవేశపెట్టారు. రైలు సొరంగంతో సహా పశ్చిమ స్వీడన్ రవాణా పథకానికి నిధులు సమకూర్చడం దాని ఉద్దేశాల్లో ఒకటి. ఒక స్థానిక పత్రిక చేపట్టిన సంతకాల ఉద్యమం ఫలితంగా 2014 సెప్టెంబరులో సలహాపూర్వక ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. అధిక సంఖ్యాకులు పన్నును తిరస్కరించారు. పన్ను మాత్రం కొనసాగింది. న్యాయపరంగా ఇందులో దోషం లేదు, ఎందుకంటే ఆ ఓటు సలహా మాత్రమే. కానీ అడిగి వినకపోవడం అసలు అడగకపోవడం కంటే తీవ్రమైన ఫలితాన్ని ఇచ్చింది. ఆ రైలు సొరంగాన్ని ప్రధానంగా వ్యతిరేకించిన కొత్త స్థానిక పక్షం 2018 నగర ఎన్నికల్లో దాదాపు 17 శాతం ఓట్లు సాధించింది. గ్రూనిగ్ నిచ్చెనపై ఈ సంఘటనను ఏ మెట్టుపై నిలపాలో తేల్చడం కష్టం. రూపంలో అది ద్విముఖం. ఫలితంలో ఏకముఖం కూడా కాదు.

3. తలుపు తెరిచిన గది, మూసిన గది

నాలుగు దేశాల కొమ్యూన్లలోనూ ఎన్నికైన మండలి సమావేశాలు బహిరంగంగానే జరుగుతాయి. తులనాత్మక గ్రంథాలు సాధారణంగా ఈ విషయం చెప్పి ముందుకు సాగిపోతాయి. అయితే కొమ్యూన్ నిర్ణయాలు చాలావరకు రూపుదిద్దుకునేది మండలిలో కాదు, ఉపసంఘాల్లో. బడి మూసివేత, వృద్ధాశ్రమ నిర్వహణను ప్రైవేటు సంస్థకు అప్పగించడం, భవన నిర్మాణ అనుమతి మొదలైనవి ముందుగా అక్కడ చర్చకు వస్తాయి. మండలికి చేరేసరికి వాదనలు ముగిసి ఉంటాయి.

ఈ ఉపసంఘాల విషయంలో దేశాలు విడిపోతాయి. నార్వే స్థానిక ప్రభుత్వ చట్టం ప్రకారం ఎన్నికైన సభ్యులతో కూడిన సంఘాల సమావేశాలు బహిరంగంగా ఉండటమే సూత్రం. వ్యక్తుల ఆంతరంగిక విషయాల వంటి కారణాలు ఉన్నప్పుడే మూసివేయవచ్చు. పార్లమెంటరీ నమూనాను ఎంచుకున్న ఓస్లో వంటి నగరాల కార్యవర్గ సమావేశాల సంగతి వేరు. డెన్మార్క్‌లో ఇందుకు పూర్తిగా విరుద్ధం. స్థాయీ సంఘాల సమావేశాలు బహిరంగం కావు. స్వీడన్, ఫిన్లాండ్‌లలో అవి మూసి ఉండటం సాధారణం, ప్రత్యేకంగా నిర్ణయిస్తే తెరవవచ్చు.

పౌర సంబంధాల విభాగపు శక్తిని ఈ నియమమే నిర్ణయిస్తుంది. నార్వేలో చిన్న పత్రిక విలేఖరి ఉపసంఘం గదిలో కూర్చుని ఎవరు ఏమన్నారో స్వయంగా వింటాడు. ఆ సాయంత్రం కొమ్యూన్ ప్రచార అధికారి పంపే ప్రకటన ఆ విలేఖరి విన్నదానితో పోటీ పడవలసిందే. డెన్మార్క్‌లో అదే ప్రకటన మొట్టమొదటి కథనం అవుతుంది. కార్యసూచి, నిర్ణయాల పత్రం ప్రజలకు లభిస్తాయి, కానీ నిర్ణయానికి దారితీసిన సందేహాలు, విభేదాలు, వెనక్కి తీసుకున్న ప్రత్యామ్నాయాలు ఆ పత్రంలో ఉండవు. రెండు దేశాల ప్రచార అధికారులకు ఒకే శిక్షణ, ఒకే పదజాలం, ఒకే తరహా వెబ్‌సైట్ ఉండవచ్చు. వారి వాక్యానికి ఉన్న బరువు మాత్రం ఒకటి కాదు. ఉద్యోగుల సంఖ్య, బడ్జెట్, సామాజిక మాధ్యమాల అనుచరుల సంఖ్య కొలిచే తులనాత్మక అధ్యయనాలు ఈ భేదాన్ని పట్టుకోలేవు.

4. ఉద్యోగి నోరు

స్వీడన్‌లో ఉపసంఘాల తలుపు మూసి ఉన్నా, డెన్మార్క్‌లో కలిగే ఫలితం అక్కడ అదే మేరకు కలగదు. పత్రికాస్వేచ్ఛా చట్టం ప్రకారం ప్రభుత్వోద్యోగి ప్రచురణ నిమిత్తం పత్రికలకు సమాచారం ఇవ్వవచ్చు. కొన్ని గోప్యతా నియమాలకు మాత్రమే మినహాయింపు ఉంది. అంతకంటే ముఖ్యమైనది మరొకటి. ఆ సమాచారం ఎవరు ఇచ్చారో విచారించడమే అధికారులకు నిషిద్ధం. ఉద్దేశపూర్వకంగా విచారించిన అధికారి శిక్షార్హుడు. పాఠశాల ప్రధానోపాధ్యాయుడో, సంరక్షణ విభాగాధిపతో “పత్రికలతో మాట్లాడింది ఎవరు?” అని సిబ్బంది సమావేశంలో అడగడమే రాజ్యాంగ ఉల్లంఘన కాగలదు. 2017 జులై నుండి ప్రభుత్వ నిధులతో నడిచే ప్రైవేటు బడులు, వైద్య, సంరక్షణ సంస్థల ఉద్యోగులకూ చట్టం ద్వారా ఇటువంటి రక్షణ లభించింది. సేవలను ప్రైవేటు సంస్థలకు అప్పగించే కొద్దీ సమాచారపు దారులు మూసుకుపోతాయన్న భయం దీనికి నేపథ్యం.

డెన్మార్క్‌లో ఉద్యోగి తన వ్యక్తిగత హోదాలో మాట్లాడవచ్చు. న్యాయశాఖ 2006లో ఇందుకు మార్గదర్శిక వెలువరించి, 2016లో నవీకరించింది. 2021 డిసెంబరు నుండి అమలులోకి వచ్చిన చట్టం అక్రమాలను వెల్లడించే ఉద్యోగులకు రక్షణ కల్పించింది. కాని స్వీడన్‌లో వలె, మూలాన్ని వెదకడమే నేరమనే సాధారణ నిషేధం లేదు. ఈ రెంటి మధ్య తేడా సూక్ష్మంగా కనిపించినా పెద్దది. మొదటిది మాట్లాడిన తరువాత రక్షణ, రెండవది మాట్లాడేది ఎవరో తెలియకుండా ఉండే రక్షణ. తాను పనిచేసే చిన్న ఊళ్లో, తన పై అధికారి పిల్లలు తన పిల్లలతో కలిసి చదివే చోట, మాట్లాడదలచిన నర్సుకు కావలసింది రెండవదే. నార్వే రాజ్యాంగంలోని 100వ అధికరణం 2004 సవరణ తరువాత బహిరంగమూ జ్ఞానయుతమూ అయిన చర్చకు అనువైన పరిస్థితులు కల్పించడాన్ని రాజ్య బాధ్యతగా ప్రకటించింది. అయినా ఉద్యోగి యజమాని పట్ల విధేయత చూపాలనే అలిఖిత నియమం అక్కడ ఆచరణలో దానితో తలపడుతూనే ఉంది.

ఈ నేపథ్యంలో ‘ఒకే స్వరం’ అనే ప్రచార సిద్ధాంతాన్ని పరిశీలించాలి. సంస్థ వెలుపలికి ఒకే సందేశం వెళ్లాలని, అన్ని ప్రశ్నలూ ప్రచార విభాగం ద్వారానే రావాలని కార్పొరేట్ పాఠ్యపుస్తకాలు బోధిస్తాయి. ఆ సూత్రాన్ని స్వీడిష్ కొమ్యూన్ తన విధానపత్రంలో రాసుకోవచ్చు, కాని రాజ్యాంగం దానిని ప్రతిదినం భగ్నం చేస్తుంది. ప్రచార అధికారికి ఇది అసౌకర్యం. పౌరునికి ఇదే ప్రయోజనం. స్వీడిష్ పరిశోధకులు మాగ్నస్ ఫ్రెడ్రిక్సన్, యోసెఫ్ పల్లాస్ 2013లో జాతీయ స్థాయి అధికార సంస్థల కమ్యూనికేషన్ సూత్రాలను విశ్లేషించారు. వారి అధ్యయన శీర్షికలోనే ‘దృశ్యత’ మార్గదర్శక నక్షత్రంగా కనిపిస్తుంది. కొమ్యూన్లు వారి పరిశీలనలో లేకపోయినా, కనిపించడం, చట్టబద్ధంగా తెలియజేయడం అనే రెండు లక్ష్యాలు వేర్వేరన్న గ్రహింపు స్థానిక స్థాయికీ వర్తిస్తుంది.

5. ప్రతిష్ఠ అనే కొత్త బాధ్యత

నార్వేలో ‘ఓమ్‌డొమ్మె’, అనగా ప్రతిష్ఠ, గత రెండు దశాబ్దాల్లో స్థానిక పాలనా పదజాలంలోకి బలంగా ప్రవేశించింది. గ్రామీణాభివృద్ధికై ఏర్పడిన జాతీయ నైపుణ్య కేంద్రం చిన్న కొమ్యూన్ల కోసం ‘ప్రతిష్ఠా పాఠశాల’ను సైతం నడిపింది. జనాభా తగ్గుతున్న ఉత్తరాది ఊళ్లకు ఇది విలాసం కాదు. యువకుటుంబాలను, వైద్యులను, ఉపాధ్యాయులను ఆకర్షించలేకపోతే బడి మూతపడుతుంది. అందువల్ల ఈ ధోరణిని కేవలం మార్కెట్ వ్యామోహమని తోసిపుచ్చడం న్యాయం కాదు.

అరిల్డ్ వేరోస్, హిల్డె బ్యోర్నో, తురిద్ మోల్డెనెస్ 2015లో నార్వే కొమ్యూన్ల బ్రాండింగ్‌ను స్థలం, సంస్థ, ప్రజాస్వామ్యం అనే మూడు వ్యూహాలుగా వర్గీకరించారు. ఈ వర్గీకరణ ఎంతో ఉపయోగకరమైనది. ఫియర్డుల అందాన్ని చెప్పుకునే ఊరు, సమర్థమైన సేవలు అందించే సంస్థ, పౌరులు పాలుపంచుకునే రాజకీయ సమాజం – ఒకే కొమ్యూన్‌కు ఈ మూడు ముఖాలూ ఉన్నాయని అది స్పష్టం చేసింది. ఇక్కడొక అభ్యంతరం ఉంది. ప్రజాస్వామ్యాన్ని మూడవ ‘వ్యూహం’గా ఉంచడంతో అది ఎంచుకోదగిన వాటిలో ఒకటిగా కనిపిస్తుంది. స్థలసౌందర్యాన్ని ప్రచారం చేయకపోయినా కొమ్యూన్ కొమ్యూనే. ప్రజాస్వామ్య స్వభావాన్ని వదులుకుంటే అది మిగలదు. పైగా మొదటి రెండు వ్యూహాలకు ఏకాభిప్రాయం అవసరం, మూడవదానికి విభేదం అవసరం. తగాదా పడే మండలి మంచి ప్రజాస్వామ్యం కావచ్చు, మంచి ప్రకటన మాత్రం కాదు. నార్వేలో 2020లో మూడు ఫిల్కెలను కలిపి ‘వీకెన్’ అనే కొత్త ప్రాంతాన్ని సృష్టించి, పేరు, చిహ్నం అన్నీ సమకూర్చారు. 2024 జనవరి 1న అది మళ్లీ మూడుగా విడిపోయింది. ప్రజలు తమదిగా అంగీకరించని పేరుకు ఎంత ప్రచారమైనా ఆయుష్షు పోయలేదు.

డెన్మార్క్‌లో 2007 పునర్వ్యవస్థీకరణతో కొమ్యూన్ల సంఖ్య 271 నుండి 98కి తగ్గింది. ఆరు పాత కొమ్యూన్లు కలిసి ఏర్పడిన గుల్బోర్సున్, రెండు ద్వీపాల నడుమనున్న జలసంధి పేరు తీసుకుంది. ఏ పాత ఊరి పేరు పెట్టినా మిగతా ఊళ్లు ఊరుకోవు కనుక నీటి పేరు పెట్టడం తెలివైన పని. ఇటువంటి కొత్త సంస్థలకు ప్రచార విభాగాలు అనివార్యమయ్యాయి. వాటి తొలి పని సేవల గురించి తెలపడం కంటే, తాము ఉన్నామని నమ్మించడం.

ఆ పక్కనే ఉన్న లోలన్ కొమ్యూన్‌లోని నక్స్కోవ్ పట్టణం నౌకానిర్మాణశాల మూతపడిన తరువాత నిరుద్యోగంతో క్రుంగింది. 2015లో ఒక జాతీయ టెలివిజన్ ఛానల్ ఆ ఊరి పేదరికంపై ధారావాహిక ప్రసారం చేసింది. ఊరు పరువు పోయిందన్న ఆగ్రహం వ్యక్తమైంది. ప్రతిస్పందనగా ద్వీపవాసులు సామాజిక మాధ్యమాల్లో తమ ఊళ్ల మంచిని చాటే ఉద్యమం ప్రారంభించారు. దానికి ‘ప్రేమ తుఫాను’ అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. ఏ ప్రచార విభాగమూ కొనలేని విశ్వసనీయత దానికి ఉంది. అయితే ఇక్కడ విమర్శకుడు ఆగి చూడవలసిన అంశం మరొకటి ఉంది. ధారావాహికలో కనిపించిన పేదవారు కూడా ఆ కొమ్యూన్ పౌరులే. ఊరి పరువును కాపాడే ఉత్సాహంలో వారి పరిస్థితి ‘తప్పుడు చిత్రణ’గా మారిపోయే ప్రమాదం ఉంది. ప్రతిష్ఠా నిర్వహణకు పౌరసంబంధాలకు మధ్య గీత అక్కడే పడుతుంది. మొదటిదానికి పేదవాడు చిత్రంలో పడిన మచ్చ, రెండవదానికి అతడు సమాధానం చెప్పవలసిన మనిషి.

6. ఫిన్లాండ్: నిర్ణయానికి ముందు మాట

ఫిన్లాండ్ స్థానిక ప్రభుత్వ చట్టం (2015) 29వ విభాగం కొమ్యూన్ కమ్యూనికేషన్‌ను నేరుగా నిర్దేశిస్తుంది. నిర్ణయాలను మాత్రమే కాదు, పరిశీలనలో ఉన్న విషయాలను, వాటికి సంబంధించిన ప్రణాళికలను, పౌరులు వాటిలో ఎలా పాల్గొనవచ్చునో కూడా తెలియజేయాలని ఆదేశిస్తుంది. స్పష్టమైన, అర్థమయ్యే భాష వాడాలని, వివిధ వర్గాల నివాసుల అవసరాలను గమనించాలని కోరుతుంది. నార్వే 2018 చట్టం కూడా తన పనుల గురించి చురుకుగా సమాచారం ఇవ్వాలన్న బాధ్యతను కొమ్యూన్‌పై ఉంచింది. ఫిన్లాండ్ ప్రత్యేకత ‘పరిశీలనలో ఉన్న విషయం’ అనే మాటలో ఉంది. స్వీడిష్ సంప్రదాయం ప్రధానంగా పత్రం చుట్టూ తిరుగుతుంది. పత్రం పూర్తయిన తరువాతనే అది సాధారణంగా బహిరంగమవుతుంది. అడగడం తెలిసిన పౌరునికి అది గొప్ప హక్కు. అడగడం తెలియనివారికి ఫిన్లాండ్ పద్ధతి మేలు.

భాష విషయంలో ఫిన్లాండ్‌పై అదనపు భారం ఉంది. ద్విభాషా కొమ్యూన్లు ఫిన్నిష్, స్వీడిష్ రెండింటిలోనూ ప్రజలకు సమాచారం ఇవ్వాలి. హెల్సింకి, టుర్కు ఇందులో ఉన్నాయి. స్వీడన్ 2009 భాషాచట్టం కూడా అధికారుల భాష సరళంగా, అర్థమయ్యేలా ఉండాలంటుంది. కానీ ఒకే భాషలో సరళంగా రాయడం శైలికి సంబంధించిన విషయం. రెండు భాషల్లో సమానంగా, సమయానికి రాయడం హక్కుకు సంబంధించిన విషయం. అనువాదం మూడు రోజులు ఆలస్యమైతే, అభ్యంతరాల గడువులో ఒక భాషవారు మూడు రోజులు కోల్పోతారు.

7. వినేవారు లేని చోట

పై చట్టాలన్నీ ఒక ఊహపై నిలబడి ఉన్నాయి. పత్రం అడిగే విలేఖరి, ఉపసంఘం గదిలో కూర్చునే విలేఖరి, ఉద్యోగి రహస్యంగా ఫోన్ చేసే విలేఖరి ఊళ్లో ఉంటారన్నదే ఆ ఊహ. నార్వేలో 1969 నుండి అమలులో ఉన్న పత్రికా సహాయనిధి ఈ ఊహను కొంతవరకు నిలబెట్టింది. చిన్న ఊళ్లలోనూ రెండు వందలకు మించిన పత్రికలు జీవిస్తున్నాయి. స్వీడన్‌లోనూ సహాయనిధి ఉన్నప్పటికీ, వార్తాకార్యాలయం ఒక్కటీ లేని కొమ్యూన్లను సూచించడానికి ‘తెల్ల మచ్చలు’ అనే పదబంధం పుట్టింది. పటంలో అవి ఖాళీగా ఉన్న ప్రదేశాలు.

అటువంటి కొమ్యూన్‌లో 1766 నాటి హక్కు చెక్కుచెదరలేదు. మూలాన్ని వెదకరాదన్న నిషేధమూ అలాగే ఉంది. చెప్పదలచుకున్న ఉద్యోగి ఎవరికి చెప్పాలన్నదే సమస్య. 2018 జనవరి నుండి అమలైన స్వీడిష్ స్థానిక ప్రభుత్వ చట్టం నిర్ణయాల ప్రకటనకు వెబ్‌సైట్‌లోని నోటీసు పలకను చట్టబద్ధం చేసింది. ఆ పలకపై ప్రకటన వెలువడిన నాటి నుండి మూడు వారాల్లోగా కొమ్యూన్ సభ్యుడెవరైనా నిర్ణయపు చట్టబద్ధతను పాలనా న్యాయస్థానంలో సవాలు చేయవచ్చు. ఆ గడువు ప్రారంభమైందని పౌరునికి తెలిసేది ఎలా? ఇంతకుముందు స్థానిక పత్రిక చెప్పేది. ఇప్పుడు చెబుతున్నది కొమ్యూన్ నడిపే ఫేస్‌బుక్ పుట, కొమ్యూన్ ఇంటింటికీ పంపే రంగుల పత్రిక. సవాలు చేయవలసిన నిర్ణయాన్ని తీసుకున్న సంస్థే దానిని గురించి చెప్పే ఏకైక గొంతుగా మారింది. ఆ పుటలో ఈత కొలను ప్రారంభోత్సవపు ఛాయాచిత్రం ఉంటుంది, దాని పక్కన వేసవి ఉత్సవాల వివరాలు ఉంటాయి. బడి మూసివేతపై ఉపసంఘంలో ఓడిపోయిన నలుగురు సభ్యుల అభ్యంతరం ఉండదు. దానిని అక్కడ ఉంచవలసిన బాధ్యతను ఈ నాలుగు దేశాల్లో ఏ చట్టమూ ప్రచార అధికారిపై ఇంకా స్పష్టంగా మోపలేదు.